సంఘం లేనివాళ్ళ బావులు

జనవరి 9, 2091

సభ ఈరోజు మొదలైంది. హాల్లో ఎనభై ఒక్క కుర్చీలు, ఒక్క మనిషి. ఆ మనిషిని నేను.

ఆఫీసు లాగ్ వేరే ఉంది. అందులో ఇంగ్లీషులో గంటలు, బిల్లుల నంబర్లు తప్ప ఇంకేమీ రాయకూడదు. ఇది నా సొంతం, తెలుగులో రాసుకుంటున్నాను. నాకు ఈ భాష నేర్పిన పెద్దమ్మ పోయి నాలుగేళ్ళయింది. ఆవిడ తర్వాత నాతో తెలుగు మాట్లాడినవాళ్ళు లేరు. మాట ఎటూ పోయింది, రాతైనా మిగుల్చుకోవాలని.

పేరు పోలిశెట్టి కౌముది. వయసు యాభై నాలుగు. పశ్చిమ మైదాన రాష్ట్ర శాసనసభలో రీడింగ్ క్లర్కుని. మూడు పాత రాష్ట్రాలు కలిసి ఈ రాష్ట్రం అయినప్పుడు రాజ్యాంగంలో ఒక వాక్యం రాసుకున్నారు: ప్రతి బిల్లునూ సభలో ప్రాణమున్న మనిషి గొంతుతో చదవాలి. తర్వాత దుమ్ము తుఫానుల ఏళ్ళు వచ్చాయి. సభ్యులు ఎవరి ఊళ్ళో వాళ్ళు ఉండి తెరల మీద హాజరవడం మొదలుపెట్టారు. తుఫానులు తగ్గాయి కానీ సభ్యులు తిరిగి రాలేదు. ఆ వాక్యం మాత్రం ఎవరూ కొట్టేయలేదు. అందుకని నేనున్నాను.

చదివేదీ తక్కువే. బిల్లు పేరు, నంబరు చదివి, "పూర్తి పాఠం చదవాలని సభ్యులెవరైనా కోరుతున్నారా?" అని అడుగుతాను. మనసులో ఐదు లెక్కపెడతాను. "ఎవరూ కోరలేదు" అని నమోదు చేస్తాను. పదకొండేళ్ళుగా ఎవరూ కోరలేదు.

ఈరోజు పద్నాలుగు బిల్లులు. మధ్యాహ్నం మూడో వరసలో, పొగాకు కౌంటీ సభ్యుడి కుర్చీలో కూర్చుని డబ్బాలో తెచ్చుకున్న అటుకులు తిన్నాను. రోజుకో కుర్చీలో తింటాను. సభ్యులకు తెలియదు. నేల తుడిచే యంత్రం నా కాళ్ళ దగ్గర ఆగి, నన్ను ఒక బల్ల అనుకుని పక్కకి తిరిగి వెళ్ళిపోయింది.

జనవరి 17

ఈరోజు తెలుగు విన్నాను.

హాలు బయట పొడవాటి వసారా ఉంది. ఈ భవనంలో మనుషులు కనిపించేది అక్కడే. వాళ్ళంతా సంఘాల ప్రతినిధులు: నర్సుల యూనియన్, పింఛనుదారుల సంఘం, చర్చిల మండలి, లోతు నీటి సంఘం. తెర మీద మాట్లాడిన ప్రతి మాటా చట్టప్రకారం రికార్డవుతుంది. ముఖాముఖి మాట్లాడితే కాదు. స్పీకరు, రెండు పార్టీల నాయకులు వారానికి రెండు రోజులు ఈ భవనానికి వస్తారు కనుక, వీళ్ళు ఆ రెండు రోజులూ వసారా బెంచీల మీద కాచుకుని ఉంటారు. హాల్లో చలి, వసారాలో వెచ్చదనం. హీటర్లు సంఘాలవి.

వేడినీళ్ళ కోసం అటు వెళ్ళాను. కప్పు చేజారి కాలిమీద నీళ్ళు పడ్డాయి. "అబ్బా, కాలిందే" అన్నాను. బెంచీ మీంచి ఒకాయన లేచి వచ్చి నా ముఖంలోకి చూశాడు.

"తెలుగోళ్ళా మీరు?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. కాలి మంట వల్ల కాదు. మాటలు ఎక్కడో అడుగున ఉన్నాయి, పైకి తీయడానికి కాస్త సమయం పట్టింది. ఆయన పేరు గడ్డం సారంగపాణి, లోతు బోర్లున్న పెద్ద పొలాలు, డేటా సెంటర్లు కలిసి పెట్టుకున్న లోతు నీటి సంఘం ప్రతినిధి. నాలాగే, పెద్దలు వలస వచ్చాక, ఈ దేశంలోనే పుట్టాడు. ఆయన తెలుగు నల్లగొండ నాయనమ్మది, నాది రాజమండ్రి పెద్దమ్మది. సగం మాటలు ఒకరివి ఒకరికి అర్థం కాలేదు. అరగంట నిలబడి మాట్లాడుకున్నాం.

ఇంటికొచ్చాక కూడా గొంతు కొత్తగా ఉంది.

జనవరి 31

సారంగపాణి సభ ఉన్న ప్రతి మంగళ, బుధవారాల్లో వస్తున్నాడు. మధ్యాహ్నం నాతో పాటే తింటాడు. నన్ను అక్కా అంటున్నాడు. నేను ఆయన్ని తమ్ముడూ అనలేక పాణిగారూ అంటున్నాను.

సభ ఎలా నడుస్తుందో ఈరోజు చెప్పాడు. పదకొండేళ్ళుగా ఇక్కడే ఉన్నా నాకు తెలియని సంగతులు. హోమ్‌స్టెడ్ పార్టీకి నలభై ఒక్కరు, కామన్ పార్టీకి నలభై మంది. ఒక్క ఓటు తేడా. పార్టీ ఊ అంటేనే సభ్యుడికి మంచి కమిటీ దొరుకుతుంది. కాదంటే వచ్చే ఏడు అదే పార్టీలోంచి ఇంకొకరిని అతని మీద పోటీకి నిలబెడతారు. పోటీకి ప్రచారం కావాలి, ప్రచారానికి సంఘాలు కావాలి. లోతు నీటి సంఘం రెండు పార్టీలకూ సాయం చేస్తుందట. ఏది గెలిచినా తలుపు తెరిచే ఉండాలని.

ప్రతి సభ్యుడికీ పార్టీ ఒక సారాంశ యంత్రం ఇస్తుంది. అది ఏ బిల్లునైనా మూడు వాక్యాలు చేసి చూపిస్తుంది. సభ్యులు ఆ మూడు వాక్యాలే చదువుతారు. నీటి బిల్లులు మాత్రం సారంగపాణి గదిలోనే పుడతాయి.

"మేం రాస్తం, కమిటీ సంతకం పెడ్తది. గంతే. నీళ్ళ సంగతి మాకంటె ఎక్కువ ఎవలకు ఎర్క, చెప్పు అక్కా?"

ఇది తప్పు కాదా అని అడిగాను. ఆయన నొచ్చుకోలేదు. నర్సులకు యూనియన్ లేకపోతే ఆసుపత్రిలో వార్డుకు ఒక్కరే ఉండేవారనీ, పింఛనుదారుల సంఘం పోట్లాడకపోతే కౌంటీల మధ్య తిరిగే బస్సులు ఎప్పుడో ఆగిపోయేవనీ చెప్పాడు. అదీ నిజమే. నేను ఆ బస్సులోనే ఇంటికి వెళ్తాను.

ఫిబ్రవరి 13

రోజంతా మాట్లాడకపోతే గొంతు బిగుసుకుపోతుంది. అందుకని మధ్యాహ్నం ఖాళీ హాల్లో నిలబడి, రాబోయే బిల్లుల్ని బయటికి చదువుతాను. నియమం ఏమీ లేదు, సాధన అంతే.

ఇవాళ చదివింది నీటి సమతుల్య బిల్లు, నంబరు 212. నూట తొంభై ఆరు పేజీలు. ఈ సమావేశాల్లో అతి పెద్దది. అందరికీ అందులో ఏదో ఒకటి ఉంది. నర్సులకు కొత్త నియామకాలు, పింఛనుదారులకు మరో ఆరు బస్సు దారులు, చర్చి బడులకు తాగునీటి ట్యాంకులు. నీటి బిల్లులో బస్సులెందుకని అడిగేవాళ్ళు లేరు. అన్ని సంఘాలూ వెనక నిలబడాలంటే అలాగే కట్టాలి మరి.

నూట ముప్ఫై ఒకటో పేజీలో నా గొంతు ఆగింది. సెక్షన్ 88, మూడో క్లాజు. అరవై మీటర్లకన్నా తక్కువ లోతున్న ఏ బావి మీటరైనా తొంభై రోజుల పాటు రాష్ట్ర నెట్‌వర్క్‌కు తనంతట తాను లెక్క పంపకపోతే, ఆ బావిని వదిలేసినట్టుగా భావించి, దాని నీటి వాటాను ఉమ్మడి ఖాతాలో కలపాలి. ఉమ్మడి ఖాతాలోంచి ఎవరి పంపు పెద్దదైతే వాళ్ళకు ఎక్కువ నీళ్ళు.

డన్‌ఫోర్డ్ కౌంటీ గుర్తొచ్చింది. అక్కడ నెట్‌వర్క్ టవరు లేదు, తీగల మీద నడిచే పాత ఫోను లైన్లే ఉన్నాయి. టవరు కావాలని వాళ్ళు పెట్టుకున్న అర్జీ పేరు నిరుడు నేనే చదివాను. ఐదు లెక్కపెట్టి, ఎవరూ కోరలేదని నమోదు చేశాను. అక్కడ మూడొందల కుటుంబాలు. అన్నీ పైపై బావులే. మీటరు చేత్తో చూసి కాగితం మీద రాసి పంపుతారు.

సారాంశ యంత్రంలో ఈ సెక్షన్ ఎలా వస్తుందో ఒక సభ్యుడి కుర్చీ తెర మీద చూశాను. "బావుల నిర్వచనాలు సరిచేయబడ్డాయి" అని ఉంది. అంతే.

ఫిబ్రవరి 20

సారంగపాణిని అడిగాను. సభ నడుస్తున్నప్పుడు క్లర్కు బిల్లు గురించి ఎవరితోనూ చర్చించకూడదు. ఉద్యోగంలో చేరేటప్పుడు ప్రమాణం చేశాను. అయినా అడిగాను. డన్‌ఫోర్డ్ సంగతి తెలిసే రాశారా అని.

ఆయన డబ్బా మూత పెట్టేశాడు. తెలుసన్నాడు. ఎండలు ఏటికేడు పెరుగుతున్నాయి, డేటా సెంటర్లను చల్లగా ఉంచడానికి నీళ్ళు కావాలి, పెద్ద పొలాలకూ కావాలి, భూమిలో ఉన్నది మాత్రం అంతే. ఎక్కడో ఒకచోట తగ్గించాలి. ఎక్కడ తగ్గిస్తే అడ్డొచ్చేవాళ్ళు ఉండరో చూశారు.

"నర్సుల దగ్గర తగ్గిస్తమంటె యూనియన్ ఊకుంటదా? ముసలోళ్ళ బస్సు తీసేస్తమంటె ఊకుంటరా? డన్‌ఫోర్డోళ్ళకు సంఘం లేదు అక్కా. వాళ్ళు ఎవల్నీ పంపలే. ఈ వసారల వాళ్ళ బెంచి లేదు."

వాళ్ళకొక సభ్యురాలు ఉంది కదా అన్నాను. మేవిస్ ప్రూయిట్, హోమ్‌స్టెడ్ పార్టీ, మొదటిసారి గెలిచిన మనిషి. ఆమె తెర మీద మూడు వాక్యాలు వస్తాయని ఆయన అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నావైపు చూడలేదు.

ఫిబ్రవరి 28

నిన్నా ఇవాళా సారంగపాణి వసారాలో అవతలి చివర బెంచీ మీద కూర్చున్నాడు. వేడినీళ్ళకు వెళ్ళి వస్తూ తలూపాను. ఆయనా ఊపాడు. దగ్గరికి రాలేదు.

నేను కోపంతో మాట్లాడి ఉంటే బాగుండేదేమో. ఇంటికి పోయి ఒక్కదాన్నే సాంబారు పెట్టుకుని, రెండు రోజులు అదే తిన్నాను. తెలుగులో నాతో నేనే పైకి వాదించుకుంటున్నానని పక్కింటివాళ్ళు గోడ తట్టే వరకూ తెలియలేదు.

బిల్లు మీద ఓటింగు మార్చి 13న.

మార్చి 4, ఆదివారం

డన్‌ఫోర్డ్ వెళ్ళొచ్చాను. బస్సులో మూడు గంటలు. నాతో పాటు ఉన్నవాళ్ళు ముగ్గురు, ముగ్గురూ ముసలివాళ్ళే. బిల్లు పోతే వాళ్ళకు రావలసిన కొత్త దారులు కూడా పోతాయి. ఆ సంగతి దారంతా గుర్తొస్తూనే ఉంది.

ఊళ్ళో ఆదివారం మనుషులు చేరేది ఉమ్మడి చాకిరేవు గదిలో. ఆరు బట్టల యంత్రాలు, వాటికి నీళ్ళిచ్చే ఒక బావి. దాన్ని నడిపేది ఓర్లా బెక్‌స్ట్రాండ్ అనే డెబ్బై ఏళ్ళ ఆవిడ. గొర్రెలు కూడా పెంచుతుంది. నేనెవరో చెప్పాను. శాసనసభలో మనిషి కూడా ఉంటుందా అని ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది.

బిల్లు గురించి నా అభిప్రాయం చెప్పకూడదని నాకు తెలుసు. చదవడం నా పని. బిల్లు బహిరంగ పత్రం, ఎవరైనా చదవొచ్చు. బట్టల యంత్రం ఆగేదాకా ఆగి, సెక్షన్ 88 మొదటినుంచి చివరిదాకా వాళ్ళకు చదివాను. పదకొండు మంది ఉన్నారు. ఒకాయన మూడో క్లాజు మళ్ళీ చదవమన్నాడు. చదివాను.

"అంటే మా బావి మేం వదిలేసినట్టా?" అని ఓర్లా అడిగింది. "ఇవాళ పొద్దున కూడా తోడానే నీళ్ళు."

నేను ఏమీ చెప్పకూడదు. కాగితం ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ తాత కాలం నుంచీ ఆ ఇంట్లో అందరూ హోమ్‌స్టెడ్ పార్టీకే ఓటు వేస్తున్నారట. పార్టీ కార్యాలయానికి ఫోన్ చేద్దామని ఒకరన్నారు. పార్టీ ఎందుకు, మేవిస్‌కే చేద్దాం, దాని చిన్నప్పటి గౌన్లు ఇక్కడే ఉతికాం అని ఓర్లా అంది.

తిరుగు బస్సు ఎక్కేముందు ఆవిడ నాకు ఒక రొట్టె, చెంబుడు నీళ్ళు ఇచ్చింది. నీళ్ళు తియ్యగా ఉన్నాయి.

మార్చి 11

వారం గడిచింది. ఏ కబురూ లేదు. మేవిస్ ప్రూయిట్ తెర మీద రోజూ హాజరవుతోంది, పార్టీ చెప్పినట్టే ఓటు వేస్తోంది. నేను చేసినదానికి ఫలితం లేదేమో అనుకున్నాను. ఆ మాట అనుకోగానే కాస్త తేలికగా అనిపించింది. నా ఉద్యోగం నాకు ఉంటుంది, సారంగపాణి మళ్ళీ డబ్బా పట్టుకుని వస్తాడు. ఇలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాను. అయినా అనుకున్నానని రాసుకుంటున్నాను.

మార్చి 13

గొంతు లేదు. రాయగలను కనుక రాస్తున్నాను.

పొద్దున తొమ్మిదింటికి బిల్లు 212 పేరు చదివాను. ఎప్పటిలాగే అడిగాను. నాలుగు లెక్కపెట్టేసరికి తెర మీంచి ఒక ఆడగొంతు వచ్చింది.

"కోరుతున్నాను. డన్‌ఫోర్డ్ సభ్యురాలు మేవిస్ ప్రూయిట్. పూర్తి పాఠం చదవాలి."

స్పీకరు నియమావళి వెతికించాడు. ఒక్క సభ్యుడు కోరినా చదవాల్సిందేనని తేలింది. పైగా చదువుతున్నంతసేపూ సభ్యులు తెర ముందు కూర్చోవాలి, లేచి వెళ్ళినవాళ్ళకు ఓటు ఉండదు. ఎనభై ఒక్క కుర్చీల మీద ఎనభై ఒక్క తెరలు వెలిగాయి. పదకొండేళ్ళలో వాళ్ళ ముఖాలన్నీ ఒక్కసారి చూడడం ఇదే మొదలు. కొందరు బాగా ముసలివాళ్ళయిపోయారు.

పదింటికి గ్యాలరీ తలుపు తెరుచుకుంది. డన్‌ఫోర్డ్ నుంచి నలభై మూడు మంది వచ్చారు. హాలు చలికి వణుకుతూ కోట్లు విప్పకుండా కూర్చున్నారు. ముందు వరసలో ఓర్లా.

చదివాను. నర్సుల పేజీలు, బస్సుల పేజీలు, ట్యాంకుల పేజీలు. మధ్యలో అరగంట విరామం ఇచ్చారు. మూడు దాటాక నూట ముప్ఫై ఒకటో పేజీ వచ్చింది. క్లర్కు ఏ మాటనూ నొక్కి పలకకూడదు. బస్సుల గురించి చదివిన గొంతుతోనే సెక్షన్ 88 చదివాను. కానీ ఈసారి ఆ మాటల్ని మనుషులు విన్నారు. తెరల మీద ముగ్గురు నలుగురు సభ్యులు పక్కకు తిరిగి ఎవరితోనో మాట్లాడడం చూశాను. తర్వాత తెలిసింది, కామన్ పార్టీలో కూడా ఇద్దరి కౌంటీల్లో పైపై బావులున్నాయని. వాళ్ళకూ తెలియదు.

ఐదున్నర దాటాక చివరి పేజీ. అప్పటికి నా గొంతు గీసుకుపోయి గుసగుసగా వస్తోంది. గ్యాలరీలో ఒక్కరూ లేచి వెళ్ళలేదు. హోమ్‌స్టెడ్ నాయకుడు ఓటింగు రెండు రోజులు వాయిదా వేయమని అడిగాడు. ఓట్లు చాలవని ఆయనకు అర్థమైంది.

బయటికి వస్తే వసారాలో సారంగపాణి ఉన్నాడు. మధ్యాహ్నం నుంచీ తలుపు దగ్గర నిలబడే విన్నాడట.

"నేను రాసిన ముచ్చట్లు ఎవలన్న బయటికి చదువుతుంటె మొదటిసారి విన్న అక్కా. కాయితం మీద అట్ల అనిపియ్యలే."

ఆయన తన ఫ్లాస్కులోంచి వేడినీళ్ళు పోసి ఇచ్చాడు. తాగాను.

మార్చి 15

బిల్లు గట్టెక్కింది.

నిన్నంతా సారంగపాణి గదిలో రెండు పార్టీల నాయకులూ కూర్చున్నారు. మేవిస్ ప్రూయిట్‌ను పిలవలేదు. ఓర్లాను అసలే పిలవలేదు. కానీ వాళ్ళ నలభై మూడు ముఖాలు అందరికీ గుర్తున్నాయి. సాయంత్రానికి సవరణ వచ్చింది. డన్‌ఫోర్డ్‌తో పాటు మరో రెండు కౌంటీల బావులకు తొంభై రోజుల బదులు మూడేళ్ళ గడువు, ఈలోపు రాష్ట్రమే టవర్లు వేస్తుంది. బస్సులు ఉంటాయి, నర్సులు ఉంటారు.

పొద్దున సారంగపాణి నా బల్ల దాకా వచ్చి చెప్పాడు. "మూడేండ్లు తెచ్చిన అక్కా. నీళ్ళయితె పెరగవు గదా, కొంచెం అటిటు సర్దిన." నేను ఆయన చేయి పట్టుకున్నాను.

సవరించిన బిల్లు పేరు చదివాను. గొంతు ఇంకా సరిగా లేదు. "పూర్తి పాఠం చదవాలని సభ్యులెవరైనా కోరుతున్నారా?" ఎవరూ కోరలేదు. నాకూ హాయిగా అనిపించింది. డెబ్బై రెండు ఓట్లతో నెగ్గింది.

మార్చి 27

స్పీకరు కార్యదర్శి పిలిపించాడు. మార్చి నాలుగున డన్‌ఫోర్డ్ వెళ్ళారా? వెళ్ళాను. బిల్లు గురించి చర్చించారా? లేదు. మరి ఏం చేశారు? చదివాను.

ఆయన అది రాసుకుని, చాలా మర్యాదగా, రాజీనామా చేస్తే విచారణ ఉండదన్నాడు. ఈ సంగతిలో రెండు పార్టీలూ ఒక్కమాట మీద ఉన్నాయట. నా స్థానంలో ఎవరొస్తారని అడిగాను. ఎవరూ అక్కర్లేదన్నాడు. పదకొండేళ్ళ నా గొంతు రికార్డై ఉంది, దానితో యంత్రం ఏ బిల్లైనా చదవగలదు. రాజ్యాంగంలో ఉన్నది ప్రాణమున్న మనిషి గొంతు అని కదా, నాకు ప్రాణం ఉంది కనుక అది చెల్లుతుందని న్యాయ సలహాదారు చెప్పాడు.

సంతకం పెట్టాను. మేవిస్ ప్రూయిట్‌ను కూడా జల కమిటీ నుంచి తీసేశారు. ఆమె మీద పోటీకి పార్టీలోనే ఒకతన్ని చూస్తున్నారట.

ఏప్రిల్ 24

ఇల్లు ఖాళీ చేశాను. ఓర్లా ఉత్తరం రాసింది. డన్‌ఫోర్డ్‌లో పైపై బావుల సంఘం పెట్టుకున్నారు. మూడేళ్ళలో ఏం జరుగుతుందో కనిపెట్టి ఉండాలి కదా అని. చదవడం వచ్చిన కార్యదర్శి కావాలంది.

పొద్దున పదింటికి సభ ప్రసారం పెట్టి చూశాను. ఖాళీ హాల్లో నా గొంతు బిల్లు పేరు చదివింది. ఐదు లెక్కపెట్టినంతసేపు ఆగింది. ఎవరూ కోరలేదని చెప్పింది. నా కన్నా బాగా చదువుతోంది. ఎక్కడా దగ్గు లేదు.

కట్టేసి పెట్టె సర్దుకున్నాను.

మే 30

ఇప్పుడు వసారాలో మాకూ ఒక బెంచీ ఉంది. నెలకు రెండుసార్లు బస్సెక్కి వెళ్ళి అక్కడ కూర్చుంటున్నాను. ఎదురుగా సారంగపాణి కూర్చుంటాడు. ఆయన సంఘం ఆయనది, మా సంఘం మాది. వాన గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి తెలుగులో మాట్లాడుకుంటాం. నీళ్ళ మాట వచ్చేసరికి ఇద్దరం ఇంగ్లీషులోకి వెళ్ళిపోతాం. ఎవరు ముందు మారుస్తారో తెలియదు. మారిపోతుంది, అంతే.

డన్‌ఫోర్డ్‌లో నన్ను బాగానే చూస్తారు. మంచివాళ్ళు. కానీ నేను గదిలోకి వస్తే మాటలు కాస్త తగ్గిస్తారు. రాజధాని మనిషినని. సంఘంలో అప్పుడే రెండు వర్గాలు వచ్చాయి. గొర్రెలవాళ్ళు ఒకవైపు, తోటలవాళ్ళు ఇంకోవైపు. ఇద్దరూ తమకు ఓటు వేయమని నన్నే అడుగుతున్నారు, నాకు గొర్రెలూ లేవు, తోటా లేదు కనుక.

జూన్ 18

సంఘం ఆఫీసంటే చాకిరేవు గది వెనక ఒక అర. ఇవాళ మధ్యాహ్నం అక్కడ ఒక్కదాన్నే ఉన్నాను. ఒకాయన వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, బట్టల నిండా దుమ్ము. పేరు ఏమోస్ కిర్బీ. టిల్సన్ నుంచి వచ్చానన్నాడు. టిల్సన్ కౌంటీ కాదు, ఊరు కూడా కాదు. దుమ్ము తుఫానుల్లో ఇళ్ళు పోయినవాళ్ళు ఎండిపోయిన సరస్సు ఒడ్డున వేసుకున్న గుడిసెలు. నూట ఇరవై కుటుంబాలు. ఇక్కడికి నడిచి, మధ్యలో ఎవరి బండో ఎక్కి వచ్చాడు.

ఈ నెల మొదటి తారీఖు నుంచి వాళ్ళ కుళాయి రోజుకు గంటే వస్తోందట. జలశాఖను అడిగితే చట్టం మారిందన్నారు. ఏం మారిందో ఎవరూ చెప్పలేదు. ఇక్కడ బావుల సంఘం ఉందని, దానికి చట్టాలు తెలిసిన మనిషి ఉందని ఎవరో చెప్పారట. ఆయన దగ్గర చట్టం ప్రతి ఉంది. ఎవరో గీత గీసి ఇచ్చిన సెక్షన్ 88 దగ్గర వేలు పెట్టి నాకు చూపించాడు.

మూడో క్లాజు కింద నాలుగోది ఉంది. నేను ఎప్పుడూ చూడనిది. మూడు కౌంటీలకు ఇచ్చిన గడువు వల్ల ఉమ్మడి ఖాతాకు తగ్గే నీటిని, కౌంటీ గుర్తింపు లేని నివాసాల వాటా నుంచి సర్దుబాటు చేయాలి.

ఆయన నన్నే చూస్తున్నాడు. నా గొంతు ఎక్కడో విన్నట్టుందన్నాడు. సభ ప్రసారంలో చదివేది మీరేనా అని అడిగాడు.

అవునన్నాను. ఈ సవరణ వచ్చిన రోజు అక్కడున్నది యంత్రం కాదు, నేనే. పేరు మాత్రం చదివాను, లోపల ఏముందో చదవలేదు. మా బావులు దక్కాయన్న సంతోషంలో ఉన్నాను. ఇవన్నీ ఆయనకు చెప్పాను. తలుపవతల బట్టల యంత్రం తిరుగుతోంది, మా బావి నీళ్ళతో.

ఏమోస్ కిర్బీ అరుస్తాడనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చాలాదూరం నడిచిన మనిషి.

"అయితే ఇప్పుడు చదవండి," అన్నాడు. "నాకు చదువు అంతగా రాదు."

చదివాను. నాలుగు వాక్యాలే. నిమిషం కూడా పట్టలేదు.